పూలమ్మ క్యారేజీల మిషను ఎవరు ఆపుతున్నరు?

జ్యోతినగర్, గేటు ముంగటి రూము
సోమవారం

నర్సింగం కాకకు,

కోపం పక్కకు వెట్టి నమస్తే పెడుతున్న.

నా ఫోన్ నంబరు బందు వెట్టినవట. పూలమ్మ చిన్నమ్మ క్యారేజీలు తెచ్చే ఆటో కొమురెల్లి అన్నతోని చెప్పి పంపింది. "వాడు ఫోన్ల ఒర్లితే మీ కాకకు బీపీ లేస్తున్నది. దవాఖానల డాక్టరు వద్దన్నడు. చెప్పేదేదో కాయిదం మీద రాసి ఖాళీ క్యారేజీల వెట్టుమను" అన్నదట. గిదేం కాలం కాక? మీకు వెబ్‌సైటు చేసిచ్చినోన్ని నేను. నాతోని మాట్లాడాలంటే కూరగిన్నెల ఉత్తరం వెట్టాల్నా? సరే, రాస్తున్న. రాతల గూడ ఒర్లుతనే ఉన్న, చూసుకో.

సంగతి ఏందంటే, మన పూలమ్మ క్యారేజీల సైటు మళ్ల ఆగింది. చిన్నమ్మ వంట బాగుంటదని రూములల్ల ఒక్కలే ఉండే పిలగాండ్లు ఫోన్ల ఆర్డరు వెడుతున్నరు. ఒక్క ఆర్డరు వస్తది, అంతే, సైటు మాయం. నేను ఈడికెళ్లి మళ్ల నడిపిస్త. ఇంకొక్కటి వస్తది, మళ్ల మాయం. సైటు ఉన్నది ముంబై కంపెనీ కాడ కిరాయికి తీసుకున్న వర్చువల్ మిషను మీద. ఆ మిషనుకు ఏం రోగమో సమజైత లేదు.

నీకు ఇది క్యారేజీల ముచ్చట. నాకు బతుకు ముచ్చట. కరెంటు కంపెనీల బూడిద ఎత్తే కాంట్రాక్టు పనిల సూపర్‌వైజరు "ఐటీఐ ఫెయిలైనోనివి, కంప్యూటర్ల ఏం పొడుస్తవ్ రా" అంటే, హెల్మెట్ ఆయన టేబుల్ మీద వెట్టి ఎల్లొచ్చిన. ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న పని ఇది. మంథని వామనరావు సారు లేడా, వాళ్లది పురోహితుల ఇల్లు. పూజలకు అయ్యగార్లను బుక్ చేసే సైటు కావాలన్నడు. "నువ్వు చేసింది ఒక్కటి చూపెట్టు, మంచిగ నడిస్తే మాది నీకే" అన్నడు. చూపెట్టెటందుకు నాకున్నది నీ సైటొక్కటే. అది ఆగితే నేను ఆగినట్టే.

మిషను ముంగట మనిషి అక్కెర లేదన్నా నువ్వు ఇనవైతివి, ఇగ నీ కొడుకు భూపాల్ కంప్యూటర్ల నేను వెట్టిచ్చిన పేజీ ముంగట మంచిగ కూసో. ఆర్డరు వస్తే బెల్లు మోగుతది. నడిపెటందుకు పచ్చ బటను, ఆపెటందుకు ఎర్ర బటను నీకు చూపెట్టే ఉన్న. నువ్వేమన్న కెలికినవా? నిజం చెప్పు.

మండుతున్న
ఉపేందర్

తా.క. చిన్నమ్మకు చెప్పు, బెండకాయ కూర మస్తున్నది. కోపం కోపమే, కూర కూరే.


ఎయిట్ ఇంక్లైన్ కాలనీ
మంగళవారం

చిరంజీవి ఉపేందర్‌కు,

నర్సింగం కాక దీవెనలు. నీ ఉత్తరం అందింది. చదివినం. సగం నేను చదివిన, బూతుల తీర్గ కనపడ్డకాడ మీ చిన్నమ్మ దాటేసి చదివింది.

కెలుకుడు నా ఇంటావంటా లేదు బిడ్డా. బొగ్గు బాయిల ముప్పై ఏండ్లు బొగ్గు టబ్బులను తాడుతోని గుంజే హాలర్ నడిపిన. కింద టబ్బులు కనపడయి, మనుషులు కనపడరు. పైన కూసోని, కిందికెళ్లి సిగ్నల్ వచ్చిన తీర్గ తాడు గుంజుడు, ఇడుసుడు. ఒక్కనాడు గూడ నా మీద రిపోర్టు లేదు. నువ్వు మిషను ముంగట కూసోమన్నవు. పొద్దుగాల తానం చేసి, మిషనుకు బొట్టు వెట్టి, కూసుంటున్న. డ్యూటీ తప్ప ఇంకోటి ఏం చెయ్యలె.

ఇగ నేను అడిగేదానికి నువ్వు చెప్పు. మిషను ముంబైల ఉన్నదంటవు. ముంబైల ఏ గల్లిల? అక్కడ డ్యూటీల ఉన్నది ఎవరు? పేరేంది? అవుతలి మనిషి ఎవరో తెల్వకుండ మిషను నడుపుడు ఎట్ల? భూపాల్‌ను అడిగితే "వర్చువల్ అంటే ఉన్నట్టు కొడుతది గని లేదు నాయినా" అన్నడు. లేనిదానికి కిరాయి ఎందుకు కడుతున్నం? నాకు ఒకసారి ఆ మిషనును చూడాలనున్నది. కొబ్బరికాయ తీసి పక్కకు వెట్టిన.

డ్యూటీల ఉన్న
నర్సింగం, హాలర్ ఆపరేటర్ (రిటైర్డ్)

తా.క. ఉత్తరం కింది గిన్నెల వెట్టకు. పచ్చిపులుసు వాసన కొట్టింది. చదివినంతసేపు ఆకలైంది, తిట్లు మనసుకు పట్టలె.


జ్యోతినగర్
బుధవారం

కాకా,

నమస్తే రాసెటంత ఓపిక లేదు. రాసిన అనుకో.

మిషను ముచ్చట చెప్త, చెవు పెట్టు. మీరు కంపెనీ క్వార్టర్లల్ల ఉన్నరు గదా. బిల్డింగు ఒక్కటే, అండ్ల ఎన్నో ఇండ్లు. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. పక్కింటోడు చారు కాచుకుంటే నీ ఇంట్ల వాసన వస్తది గని చారు రాదు. గట్లనే ముంబైల ఒక పెద్ద కంప్యూటరు. దాన్ని ఇండ్ల లెక్క పంచి కిరాయికి ఇస్తరు. మనది అండ్ల ఒక క్వార్టరు. గోడ ఉన్నట్టే, ఇటుక లేదు. కావాలంటే పెద్ద క్వార్టరుకు మారొచ్చు, వద్దంటే ఇడిచిపెట్టొచ్చు. గంతే. దానికి కొబ్బరికాయ కొడితే నీ కంప్యూటరు తడుస్తది తప్ప ముంబైకి ఏం తెల్వది.

మిషను చిన్నగైందేమో అని పెద్దదానికి మారిన. రాత్రంత నడిచింది, పొద్దుగాల మొదటి ఆర్డరుకే మళ్ల ఆగింది. అప్పుడు ఎవరెవరు ఏమేం చేసిండ్రో ఆ కంపెనీ రాసి వెట్టేది తీసి చూసిన. ఏమున్నదో తెలుసా? "మిషను ఆపినవారు: ఉపేందర్." నేనట! నేను అప్పుడు పండ్లు తోముకుంటున్న కాక! ఎవడో నా తాళం దొంగిలించిండు. నా పేరు మీద లోపలికొచ్చి ఆపుతున్నడు. పాస్‌వర్డ్ మార్చిన. కింద రాసిన, నీ కంప్యూటర్ల అదే కొట్టు.

ఇంకొకటి. నిన్న మీ ఇంటికి వచ్చిన. తలుపు కొట్టిన. కిటికిల నుంచి కనపడుతనే ఉన్నవు. నడిమింట్ల, చేతుల చాయ్ గిలాసతోని, నిలువుగ బొమ్మ లెక్క నిలబడ్డవు. నా దిక్కే చూస్తున్నవు. కదలవు, మెదలవు. నేను శానాసేపు చూసి ఎల్లిపోయిన. నా మీద అంత పగనా?

ఉపేందర్

తా.క. కొత్త పాస్‌వర్డ్: యమున, దాని ఎనుక ఒకటి రెండు మూడు. ఎవరికి చెప్పకు.


ఎయిట్ ఇంక్లైన్ కాలనీ
గురువారం

చిరంజీవికి,

పగ ఏంది బిడ్డా? నువ్వు తలుపు ఒక్కసారి కొట్టినవు. నేను ఉన్నకాడ ఆగిన. మళ్ల నువ్వు ఏం కొట్టలె. నేను ఎట్ల కదులుత? గిలాసల చాయ్ సల్లారింది. నువ్వు పోయినంక మీ చిన్నమ్మ వచ్చి "ఏమైంది, కూసో" అంటే కూసున్న.

క్వార్టర్ల ముచ్చట సమజైంది. మంచిగ చెప్పినవ్. అయితే పక్క క్వార్టర్ల ఉన్నదెవరో కనుక్కో. నీళ్లు వచ్చినప్పుడు వాళ్లు మోటరు వెట్టి గుంజుకుంటే మన ఇంటికి రావు. మా లైనుల సారవ్వ గట్లనే చేసేది.

ఇప్పుడు అసలు సంగతి చెప్త, బుగులు పడకు. ఆ మిషను కాడ ఏదో ఉన్నది. నేను ముంగట కూసున్న, సిగ్నల్ లేదు, ఏం లేదు, నేను ముట్టనన్న ముట్టలె. ఆగి ఉన్న మిషను దానంతట అదే నడుసుడు సురువు చేసింది! నా పానం జల్లుమన్నది. ఆపరేటరుకు తెల్వకుండ మిషను నడిస్తే మనుషులు పోతరు. ఒకసారి కాదు, దినాం గిట్లనే. నువ్వు ఎవడో ఆపుతున్నడంటవు. నేను చూస్తున్నది ఎవడో నడుపుతున్నది. ఆ ముంబైల సిగ్నల్ ఇచ్చేటోనికి పని రాదు. వానికి చార్జిషీటు ఇప్పియ్యి.

జాగ్రత్తగ ఉన్న
నర్సింగం

తా.క. మీ చిన్నమ్మ అడుగుతున్నది, యమున ఎవలు? ఒకటి రెండు మూడు అంటే ముగ్గురు పిల్లలు కావాల్ననా?


జ్యోతినగర్
శుక్రవారం

కాకా,

యమున ఎవలు కాదు. పేరు. ఊకె పెట్టిన. చిన్నమ్మను నవ్వద్దను.

ఓ కాకా, మిషనును మళ్ల నడిపిస్తున్నది నేను! ఈడ కూసోని పచ్చ బటను ఒత్తుతున్న. అది దయ్యం కాదు. ఆపుతున్నోడు దయ్యం! పాస్‌వర్డ్ మార్చినంక గూడ "ఆపినవారు: ఉపేందర్" అనే ఉన్నది. నడిపింది ఉపేందర్, ఆపింది ఉపేందర్. నాకే అనుమానం వస్తున్నది, నిద్రల లేసి నేనే ఆపుతున్ననా అని. నిన్నటి నుంచి ఆర్డర్లు వచ్చే వేళకు ఫోన్ తీస్కపోయి ఎదురు రూము అనసూర్యక్క చేతుల వెడుతున్న, నేను అడిగినా ఇయ్యకు అని. ఫోన్ అక్క కాడనే ఉన్నది. అయినా ఆగింది. ఆపినవారు నేనే!

ముంబై కంపెనీకి ఫోన్ చేసి గొంతు పోయేదాక లొల్లి చేసిన. నువ్వన్నట్టే సిగ్నల్ ఇచ్చేటోడు ఎవడని అడిగిన. అవుతల ఉన్న అమ్మాయి "సార్, మా కాడ అంత మంచిగుంది, మీరే ఆపుతున్నరు" అని మర్యాదగ చెప్పింది. ఆ మర్యాదకే ఇంకింత మండింది.

ఇగ ఆఖరి మందు. రెండో మిషను కిరాయికి తీసుకున్న. ఒకటి ఆగితే రెండోది అందుకుంటది. సైటు చచ్చినా చావదు. నీ పేజీల ఇప్పుడు రెండు మిషన్లు కనపడుతయి, బుగులు పడకు.

సోమవారం వామనరావు సారు జ్యోతినగర్ వస్తున్నడు, బిడ్డ ఇంటికి. వాళ్ల డ్రైవరుకు మన సైటుల క్యారేజీ ఆర్డరు వెట్టి చూస్తనన్నడు. కాక, దండం పెడుత. ఆ ఒక్కరోజు నీ డ్యూటీ నువ్వు ఇంకింత గట్టిగ చెయ్యి.

గొంతు పోయిన
ఉపేందర్


ఎయిట్ ఇంక్లైన్ కాలనీ
ఆదివారం

చిరంజీవికి,

రెండో మిషను వచ్చింది. చూసిన. చెప్పకుండ పని పెంచితే బాయిల సమ్మె చేసేటోళ్లం, నువ్వు మనోనివని ఊకున్న.

రెండు మిషన్లకు ఒక్క ఆపరేటరు ఉండుడు రూల్స్‌కు విరుద్ధం. అందుకే రెండోదానికి మీ చిన్నమ్మను వెట్టిన. ఆమెకు భూపాల్ పాత ఫోన్ ఇచ్చి, డ్యూటీ అంత నేర్పిచ్చిన. ఒక పూటల పట్టుకున్నది. నాకంటే జల్ది ఉన్నది బిడ్డా, నేను కండ్లద్దాలు సదురుకునేలోపట ఆమె పని అయిపోతది. కూర కలుపుకుంట ఒక చేత్తోని చేస్తది. కంపెనీల ఆడోళ్లను ముందే హాలర్ మీద పెట్టి ఉంటే బొగ్గు మస్తు ఎల్లేది.

మేము తినెటప్పుడు రిలీవర్ ఉండాలె గదా, కొమురెల్లికి గూడ నేర్పిచ్చిన. ఆటో తోలుకుంటనే చేస్తనన్నడు గని నేను ఒప్పుకోలె.

సోమవారం ఫికర్ చెయ్యకు. ముగ్గురం సిద్ధం. ఒక్క సిగ్నల్ గూడ తప్పది.

పూర్తి బలగంతోని
నర్సింగం

తా.క. (ఇది పూలమ్మ రాస్తున్న) బిడ్డా, రేపు సారు డ్రైవరుకు గుత్తివంకాయ చేస్తున్న. మంచిదేనా? యమునకు గూడ ఒక క్యారేజీ పంపుదునా?


జ్యోతినగర్
సోమవారం, పగటాల

కాకా,

అయిపోయింది.

సారు నా ముంగటనే ఫోన్ తీసిండు. క్యారేజీ ఆర్డరు వెట్టిండు. ఆర్డరు పోయింది. ఇంకొకటి తన మనుమనికి వెడుదామని మళ్ల ఒత్తిండు. గుండ్రంగ తిరిగింది, తిరిగింది, సైటు లేదు. రెండు మిషన్లు ఆగినయి కాక! ముందు కొత్తది, దాని ఎనుకనే పాతది. నేను పచ్చ బటను ఒత్తుదామంటే ఫోన్ అనసూర్యక్క కాడ ఉన్నది, అక్క ఇయ్యనన్నది. "నువ్వడిగినా ఇయ్యద్దని నువ్వే చెప్పినవ్" అన్నది.

సారు కండ్లద్దాలు తీసి తుడుసుకుంట "సగం మంత్రంల లేచిపోయే అయ్యగారిని ఎవరింటికి పంపుత బాబూ?" అన్నడు. తిట్టినా బాగుండు. తిట్టలె.

రేపు పొద్దుగాల సూపర్‌వైజరు కాడికి పోత. హెల్మెట్ ఆడనే ఉండొచ్చు. తల వంచుకోని తీసుకుంట. ఆయన నవ్వుతడు, నవ్వనియ్యి.

ఒక్కటే అడుగుత. రెండు మిషన్లు ఆర్డరు వచ్చిన జెర్రసేపటికే ఆగుతున్నయి. అప్పుడు వాటి ముంగట ఉన్నది మీరే. బెల్లు మోగంగనే మీరు ఏం చేస్తరు? కూసున్నకాడికెళ్లి ఏదీ ఇడువకుండ రాయి. ఒర్లను. ఒర్లే బలం లేదు.

ఉపేందర్

తా.క. గుత్తివంకాయ తినబుద్ది కాలె. తిన్న. మస్తున్నది.


ఎయిట్ ఇంక్లైన్ కాలనీ
సోమవారం, మాపటికి

బిడ్డ ఉపేందర్‌కు,

నీ ప్రశ్న చదివి మీ చిన్నమ్మ నోరు తెరిచింది, నాకు కోపమొచ్చింది. ముప్పై ఏండ్లు హాలర్ మీద కూసున్నోన్ని పట్టుకోని బెల్లు మోగితే ఏం చేస్తవని అడుగుతవా? బాయిల నిన్న చేరినోన్ని అడిగినా చెప్తడు. ఒక్క బెల్లు అంటే ఆపుడు. రెండు అంటే నడుపుడు. మూడు అంటే మనుషులు వస్తున్నరు, పైలంగ, మెల్లగ నడుపుడు.

నువ్వు వెట్టిన బెల్లు ఎప్పుడు మోగినా ఒక్కటే మోగుతది. మోగంగనే ఎర్ర బటను ఒత్తిన. ప్రతిసారి. పాస్‌వర్డ్ మారిస్తే కొత్తది కొట్టి ఒత్తిన. రెండో మిషను వస్తే మీ చిన్నమ్మ ఒత్తింది. ఒత్తినంక రెండు బెల్లుల కోసం ఎదురు చూసుడు. అవి రావు. "ఆపుమంటడు గని నడుపుమని చెప్పడు, వీడేం మనిషి" అని ఆ ముంబై మనిషిని తిట్టుకున్న. ఆపినవారు నీ పేరుంటే, నువ్విచ్చిన తాళంతోని నేను లోపలికి పోతున్న గనుక. నన్ను నర్సింగం పేరు మీద ఎక్కియ్యకపోవుడు నీ తప్పు.

ఎందుకు ఆపాల్నని ఒక్కసారన్న ఆలోచన చెయ్యలేదా అని అడుగుతవు. చెయ్యద్దు బిడ్డా. మీ నాయిన కాలు టబ్బుకు గోడకు నడుమ ఇరికిననాడు పైనున్న నాకు వినొచ్చింది ఒక్క బెల్లే. కింద ఏమైందో కనపడలె. కొట్టింది ఎవరో తెల్వది. ఆపిన. ఇదేందని ఒక్క జెర్ర ఆలోచన చేసి ఉంటే? మీ నాయిన ఇయ్యాల కుంటుకుంట నడుస్తున్నడు. నడుస్తున్నడు.

అది పిలగాండ్ల ఆకలి బెల్లు అని, దానికి ఆపద్దని, నాకు ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోవు. గిన్ని ఉత్తరాలు రాసినవు, అన్ని తిట్లు రాసినవు, అదొక్కటి రాయలె.

ఇగ కోపం అయిపోయింది. విను. ఇందాక వామనరావు సారు ఫోన్ చేసిండు. సైటు మీద ఉన్నది నా నంబరే గదా, ఆయన నంబరు నేను బందు వెట్టలె. "నర్సింగం గారూ, క్యారేజీ వేళకు అందింది, డ్రైవరు గిన్నెలు నాకిండు. ఇంతకు మీ సైటు ఎందుకు ఆగింది?" అని అడిగిండు. ఆగలేదు సారు, నేనే ఆపిన అన్న. సిగ్నల్ ముచ్చటంత చెప్పిన. ఆయన నవ్వుడు సురువు చేసిండు, ఇగ ఆపడు.

నవ్వు అయినంక చెప్పిండు. పోయిన మాఘంల వాళ్ల పాత సైటు ఒక్క అయ్యగారిని మూడిండ్లకు ఒకటే ముహూర్తానికి బుక్ చేసిందట. ఆ అయ్యగారు ఒక పందిట్ల మొదలువెట్టి, ఇంకో పందిట్లకు ఉరికి, మూడో పెండ్లిల రెండో పెండ్లిపిల్ల పేరు చదివిండట. "ఆపే మనిషి లేక మా ఇంటి పరువు పోయింది. సైటు మీ పిల్లవాణ్ణే చెయ్యమనండి. అయ్యగారు ఖాళీ లేని ముహూర్తానికి బుకింగు వస్తే ఆపెటందుకు మీరు కూసోవాలె. ఈ రెండూ ఉంటేనే ఒప్పందం" అన్నడు.

అంటే నీకు పని దొరికింది, నాకు గూడ దొరికింది. మిషను ముంగట మనిషి అక్కెర లేదని మొదట్ల నువ్వు నాతోని ఎంత లొల్లి చేసినవో యాదికి తెచ్చుకో. రేపు ఆ సూపర్‌వైజరు కాడికి పోకు. హెల్మెట్‌ను ఆడనే ఉండనియ్యి.

క్యారేజీల బెల్లును మాత్రం ఇయ్యాలనే మార్చు. ఆర్డరు వస్తే రెండు మోగాలె. అప్పుడు చూడు, నేనాపుతనా అని.

మళ్ల డ్యూటీల చేరిన
నర్సింగం, హాలర్ ఆపరేటర్

తా.క. నీ నంబరు ఇడిపిచ్చిన. అయినా ఫోన్ చెయ్యకు, ఇంటికి రా. మీ చిన్నమ్మ వంకాయ దాచింది. వచ్చినంక తలుపు ఒక్కసారి కొట్టి ఊకోకు, మళ్ల నేను చాయ్ గిలాసతోని నిలబడిపోత. మూడుసార్లు కొట్టు. మనిషి వస్తున్నడని సమజైతది, పైలంగ తీస్త.